చీటీ మీద జబ్బు పేరు కూడా రాయండి: విశాఖ వైద్యులకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలో క్లినిక్కులు నడుపుతున్న డాక్టరు గార్లందరికీ,

నమస్కారం.

నేను ఈ ఊళ్ళో ఒక ప్రైవేటు ల్యాబులో, కల్చర్ విభాగంలో పనిచేసే టెక్నీషియన్‌ని. మీరు పంపే మూత్రం, కఫం, చీము, రక్తం నమూనాల్లో ఏ బ్యాక్టీరియా ఉందో, దాని మీద ఏ మందు పనిచేస్తుందో చూసి మీకు రిపోర్టు పంపడం నా ఉద్యోగం. జలుబు, దగ్గు, గొంతునొప్పితో వచ్చినవాళ్ళను మీరు కల్చర్‌కు పంపరు. పంపాల్సిన అవసరమూ లేదు. అయినా మీరు వాళ్ళకు రాసే మందుల ఫలితం కొన్ని నెలలు ఆలస్యంగా, వేరే జబ్బు రూపంలో, తరచుగా వేరే మనిషి పేరుతో మా బల్ల మీదికి వస్తోంది. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

వానలు పడ్డాక ఒకసారి, కార్తీకం దాటి చలిగాలి తిరిగాక మరోసారి మా కౌంటరు దగ్గర రద్దీ పెరుగుతుంది. రక్తపరీక్షకు వచ్చినవాళ్ళు చీటీని కౌంటరు మీద పెడతారు కాబట్టి అది మా కంట పడుతుంది. గాజువాక నుంచి వచ్చినా, మధురవాడ నుంచి వచ్చినా, గోపాలపట్నం నుంచి వచ్చినా ఆ చీటీ దాదాపు ఒకేలా ఉంటుంది. పారాసెటమాల్. లివోసిట్రిజిన్, మాంటెలుకాస్ట్ కలిపిన మాత్ర. ఒక దగ్గు సిరప్. ఇన్ని మందులకు కడుపులో మంట పుట్టకుండా పరగడుపున పాంటాప్రజోల్. వీటన్నిటికీ పైన, మొదటి వరుసలో, అజిత్రోమైసిన్ 500 అనే యాంటీబయాటిక్, అంటే బ్యాక్టీరియా మీద పనిచేసే మందు. పిల్లలైతే అదే సిరప్‌గా, లేదంటే సెఫిక్సిమ్. జబ్బు పేరు ఉండాల్సిన చోటు చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. రాసిన కొన్నిటిలో వైరల్ ఫీవర్ అని ఉంటుంది. పైన వైరల్ అని రాసిన కలమే రెండు వేళ్ళ కింద బ్యాక్టీరియా మందు రాస్తుంది.

ఈ రెండింటికీ పొంతన లేదని మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ ఈ లేఖను మీ రోగులు కూడా చదువుతారు కనుక రెండు ముక్కలు. అమాక్సిసిలిన్ వంటి మందులు బ్యాక్టీరియా చుట్టూ ఉండే గోడను కట్టనివ్వవు. అజిత్రోమైసిన్ బ్యాక్టీరియా లోపల ప్రొటీన్లు తయారయ్యే రైబోజోమ్‌ను పట్టుకుని పని ఆపేస్తుంది. జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి. వాటిలో దేనికీ ఆ గోడా లేదు, సొంత రైబోజోమూ లేదు. తలుపే లేని ఇంటికి తాళంచెవి తీసుకెళ్ళినట్టు ఉంటుంది వ్యవహారం. జలుబుకు మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అని మన పెద్దలు నవ్వుతూ అనే మాటను మీరే మీ రోగులతో అనడం నేను విన్నాను. అన్న తర్వాత మందు రాయడమూ చూశాను.

మరి ఆ తాళంచెవి ఊరికే జేబులో పడి ఉంటుందా అంటే, ఉండదు. మాత్ర మింగినవాళ్ళు గొంతు కోసం మింగుతారు గానీ మందు ఒంటి నిండా తిరుగుతుంది. పేగుల్లో కోటానుకోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. మందుకు లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి ఖాళీ అయిన జాగానంతా ఆక్రమిస్తాయి. పైగా ఆ లొంగనితనపు జన్యువులను ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ ముక్కల ద్వారా పక్కనున్న మరో జాతి బ్యాక్టీరియాకు కూడా అందిస్తాయి. శ్వాసకోశ ఇన్ఫెక్షన్లకో, మూత్ర ఇన్ఫెక్షన్లకో యాంటీబయాటిక్ వాడిన మనుషుల్లో ఈ మొండి బ్యాక్టీరియా ఏడాది దాకా నిలిచి ఉండొచ్చని 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష తేల్చింది. అజిత్రోమైసిన్ సంగతి ఇంకొంచెం ప్రత్యేకం. శరీరంలో దాని మోతాదు సగానికి తగ్గడానికే 68 గంటల దాకా పడుతుంది. మూడు రోజుల కోర్సుతో సరిపోతుందని అందరం మెచ్చుకునే ఆ సుగుణమే కోర్సు అయిపోయాక కూడా చాలా రోజులు, చంపడానికి చాలని కొద్దిపాటి మోతాదులో బ్యాక్టీరియాకు తర్ఫీదు ఇస్తుంది.

మా బల్ల దగ్గర అది ఎలా కనిపిస్తుందో చెప్తాను. ముల్లర్ హింటన్ అగార్ అనే లేత గడ్డిరంగు జెల్లీ పోసిన ప్లేటు మీద, రోగి నమూనాలో దొరికిన బ్యాక్టీరియాను దూది పుల్లతో సమంగా అలుకుతాం. దాని మీద మందు పీల్చుకున్న చిన్న కాగితపు బిళ్ళలు పెడతాం, ఒక్కో బిళ్ళ ఒక్కో యాంటీబయాటిక్. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచి పొద్దున్న తీసి చూస్తే, పనిచేసే మందు చుట్టూ బ్యాక్టీరియా మొలవని శుభ్రమైన వలయం ఉంటుంది. పనిచేయని బిళ్ళను బ్యాక్టీరియా అంచుల దాకా వచ్చి ముట్టడిస్తుంది. ఆ వలయాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి, పట్టికతో సరిచూసి, లొంగితే ఎస్ అని, లొంగకపోతే ఆర్ అని రాస్తాం. కొన్ని ప్లేట్లను వెలుతురులో పెట్టి చూస్తే ఒక్క వలయమూ ఉండదు. బిళ్ళలు బురదలో పడిన చొక్కా గుండీల్లా కనిపిస్తాయి.

ఆ మధ్య అలాంటి ప్లేటు ఒకటి ఒక గర్భిణిది. మూత్రంలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా. నోటితో వేసుకునే మాత్రల వరుస మొత్తం ఆర్. ఎస్ మిగిలినవి రెండు, రెండూ ఆసుపత్రిలో పడుకోబెట్టి నరానికి ఎక్కించేవే. రిపోర్టు తీసుకోవడానికి వచ్చిన ఆమె అత్తగారు, "మాత్రలతో పోయేది కాదా అమ్మా?" అని అడిగారు. కోడలు ఒక బట్టల దుకాణంలో సేల్స్‌లో ఉందట, అడ్మిట్ అయితే జీతం కోత. మాత్రతో తగ్గాల్సిన మూత్రపు మంటకు వారం రోజుల ఆసుపత్రి. ఆ బ్యాక్టీరియాకు ఆ మొండితనం ఒక్కరోజులో రాలేదు, ఆమె ఒక్క ఒంట్లోనే రాలేదు కూడా. ఇల్లు, వీధి, ఆసుపత్రి వార్డు అన్నీ దాటుకుంటూ వచ్చింది. ఆ దారి పొడుగునా అక్కర్లేని మాత్రలు దానికి మేత వేశాయి.

ఇది మా ఒక్క ల్యాబు గోడు కాదు. దేశంలోని పెద్ద ఆసుపత్రుల నుంచి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సేకరించిన లెక్కల్లో, చివరి అస్త్రాల్లో ఒకటైన ఇమిపెనెమ్ మందుకు లొంగని ఈ.కోలై బ్యాక్టీరియా 2016లో 14 శాతం ఉంటే 2021కి 36 శాతం అయింది. 2019లో ప్రపంచమంతటా నేరుగా మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే చనిపోయినవాళ్ళు దాదాపు 12.7 లక్షల మంది అని లాన్సెట్ వైద్య పత్రిక 2022లో ప్రచురించిన అంచనా చెబుతోంది. అదే 2019లో మన దేశపు ప్రైవేటు రంగంలో అన్నిటికన్నా ఎక్కువగా వాడిన యాంటీబయాటిక్ ఏమిటో తెలుసా? అజిత్రోమైసిన్ 500 మాత్రే. దాని వెనకే సెఫిక్సిమ్ 200. ఈ రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ జాగ్రత్తగా, అవసరం చూసుకుని వాడమని చెప్పిన వాచ్ జాబితాలోనివి. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ వంటి మొదటి వరుస మందులు మన చీటీల్లో వెనక్కి పోయాయి.

ఇంతకీ మీరెందుకు రాస్తున్నారు? తెలియక కాదు. మీ వైపు నుంచి కూడా ఆలోచించాను. సాయంత్రం ఓపీ అంటే బయట బెంచీల మీద యాభై అరవై మంది. ఒక్కొక్కరికి దక్కేది మూడు నాలుగు నిమిషాలు. వైరస్ అంటే ఏమిటో, మందు ఎందుకు వద్దో చెప్పడానికి పది నిమిషాలు కావాలి, అజిత్రోమైసిన్ రాయడానికి పది సెకన్లు చాలు. రాయకపోతే ఎదుటి వీధి క్లినిక్కుకు వెళ్తారన్న బెంగ ఒకటి. పొరపాటున అది న్యుమోనియా అయితే, రేపు బంధువులు వచ్చి గుమ్మంలో నిలబడితే అన్న భయం మరొకటి. ఈ రెండో భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. డాక్టర్ల మీద చెయ్యి చేసుకున్న వార్తలు అందరం చదువుతున్నాం.

వీటికి తోడు హస్తవాసి ఒకటి ఉంది. జ్వరం వచ్చిన మొదటి రోజు ఎవరూ డాక్టరు దగ్గరికి రారు. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వేసుకుని, మిరియాల పాలు తాగి, మూడో రోజుకు వస్తారు. వైరస్ జ్వరం ఎక్కువగా ఆ మూడో రోజునే దిగడం మొదలుపెడుతుంది. మీరు మందు రాశారు, నాలుగో రోజుకు చెమట పట్టి జ్వరం విడిచింది. ఇక ఆ వీధిలో మీ హస్తవాసికి తిరుగులేదు. మరుసటి ఏడాది ఆ ఇంట్లో ఎవరికి రొంప పట్టినా, ప్లాస్టిక్ కవరులో దాచుకున్న పాత చీటీ తీసి మందుల షాపుకు పరుగెడతారు. ఏ పని చేయకుండానే అంత పేరు తెచ్చుకున్న మందు వైద్యశాస్త్రంలో మరొకటి ఉండదేమో.

కోవిడ్‌లో ఇదే జరిగింది. ఇంటింటికీ అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ పంచాం. బ్రిటన్‌లో వేలమంది మీద జరిగిన 'రికవరీ' అనే మందుల ప్రయోగంలో ఆసుపత్రిలో ఉన్న కోవిడ్ రోగులకు అజిత్రోమైసిన్ వల్ల ఏ లాభమూ లేదని 2021కల్లా తేలిపోయింది. ఆ వార్త మన వీధుల దాకా రాలేదు. కోలుకున్నవాళ్ళు మాత్రం ఆ మాత్ర పేరు నోటికి నేర్చుకున్నారు.

దగ్గు దగ్గరికి వద్దాం, అసలు చిక్కంతా అక్కడే ఉంది. జ్వరం పోయాక కూడా దగ్గు ఉంటుంది. అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు మామూలు బ్రాంకైటిస్ (శ్వాసనాళాల వాపు) దగ్గు సగటున 18 రోజులు ఉంటుందని తేలింది. రోగులు మాత్రం వారంలోనో, తొమ్మిది రోజుల్లోనో పోతుందనుకుంటారు. మధ్యలో ఉన్న ఆ పది రోజులే మందుల కంపెనీల పంట. అజిత్రోమైసిన్ మూడు రోజులు వాడాక దగ్గు తగ్గలేదంటే సెఫిక్సిమ్, అదీ అయ్యాక లివోఫ్లాక్సాసిన్. కఫం పసుపో, ఆకుపచ్చో అయిందని చెప్తే ఇంకా పెద్దది. ఆ రంగు మన తెల్లరక్తకణాల్లోని మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ది. వైరస్‌తో పోరాడినా అదే రంగు వస్తుంది. 2023 మార్చిలో హెచ్3ఎన్2 ఫ్లూ ఊళ్ళు తిరుగుతున్నప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్, అంటే మీ సంఘమే, ఒక ప్రకటన ఇచ్చింది. జ్వరం మూడు రోజుల్లో పోతుంది, దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చు, యాంటీబయాటిక్‌లు రాయకండి అని. అజిత్రోమైసిన్, అమాక్సిక్లావ్‌ల పేర్లు పెట్టి మరీ చెప్పింది. ఇంతకన్నా సూటిగా బయటివాళ్ళు చెప్పగలిగేది ఏముంది?

లివోఫ్లాక్సాసిన్ గురించి మాత్రం కాస్త గొంతు పెంచి అడుగుతున్నాను. రెండు వారాలు దాటిన దగ్గుకు మన దేశంలో మొదట చేయాల్సింది క్షయ పరీక్ష. ప్రభుత్వ కేంద్రాల్లో అది ఉచితం, పెదవాల్తేరులో ఛాతీ ఆసుపత్రే ఉంది. ఆ పరీక్షకు ముందు లివోఫ్లాక్సాసిన్ పడితే క్షయ క్రిమి సగం అణిగి కూర్చుంటుంది. రోగికి కాస్త నయమైనట్టు ఉంటుంది, పరీక్ష దాటిపోవచ్చు, ఈలోగా ఇంట్లో మరిద్దరికి అంటుకోవచ్చు. పైగా అది మొండి క్షయకు వాడే ముఖ్యమైన మందు. దగ్గు సిరప్ పక్కన రాసే మందు కాదు.

వన్ టౌన్, జ్ఞానాపురం వైపు నుంచి వచ్చేవాళ్ళ దగ్గు కొన్నిసార్లు వైరస్సూ కాదు, బ్యాక్టీరియా కూడా కాదు. కిటికీ చెక్క మీద వేలితో గీస్తే నల్లటి గీత పడే ఇళ్ళవి. పోర్టు బొగ్గు దుమ్ముకు ఏ కంపెనీ యాంటీబయాటిక్ తయారుచేయలేదు. ఆ పోరాటం వేరే ఆఫీసుతో, వేరే లేఖలో.

మా ల్యాబుల వాటా కూడా చెప్పకపోతే ఈ లేఖ ఏకపక్షం అవుతుంది. జ్వరం వచ్చిన రెండో రోజునే, టైఫాయిడ్ కోసం చేసే విడాల్ రక్తపరీక్ష రాసే అలవాటు మన ఊళ్ళో పాతుకుపోయింది. ల్యాబులు కూడా ఫీవర్ ప్యాకేజీ అని పేరు పెట్టి దాన్ని అందులో కలిపి అమ్ముతున్నాయి. రెండో రోజుకు టైఫాయిడ్ యాంటీబాడీలు పుట్టనే పుట్టవు. టైఫాయిడ్ మామూలుగా ఉండే మన ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలో కూడా పాత యాంటీబాడీలు కొద్దో గొప్పో ఉంటాయి. రిపోర్టులో 1:80 అని వచ్చిందంటే చాలు, వైరస్ జ్వరం కాస్తా టైఫాయిడ్ అయిపోతుంది, సెఫ్ట్రియాక్సోన్ సూదులు మొదలవుతాయి. తర్వాత నలుగురిలో చెప్పుకునేది, "మా అబ్బాయికి ఏటా టైఫాయిడ్ వస్తుందండి" అని. ఏటా వచ్చేది టైఫాయిడ్ కాదు, విడాల్. నిజంగా అనుమానం ఉంటే మందు మొదలుపెట్టక ముందే బ్లడ్ కల్చర్ పంపండి. మేం రాత్రి డ్యూటీలో ఉన్నా తీసుకుంటాం. టైఫాయిడ్‌కు కూడా ఇప్పుడు మిగిలిన మంచి మాత్ర అజిత్రోమైసినే కదా. పాకిస్తాన్‌లోని సింధ్‌లో, ఆ రాష్ట్రపు హైదరాబాద్ నగరంలో 2016లో మొదలైన మొండి టైఫాయిడ్‌కు నోటి మందుల్లో అదొక్కటే పనికొచ్చింది. దాన్ని మనం తుమ్ములకు ఖర్చుపెడుతున్నాం.

అసలు యాంటీబయాటిక్ వద్దే వద్దని నేను అనడం లేదు. అలా అంటే నా ఉద్యోగమే అబద్ధం. ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలు నిమిషానికి 40 సార్లు, రెండు నెలలు నిండి ఏడాది లోపు పసివాళ్ళు 50 సార్లు, అంతకు మించి ఊపిరి తీస్తుంటే, డొక్కలు ఎగరేస్తుంటే అక్కడ ఆలోచించే పనే లేదు. ఎక్స్‌రేలో న్యుమోనియా ఉంటే రాయాల్సిందే. గొంతు సంగతి కూడా నాకు తెలుసు. పిల్లల గొంతునొప్పుల్లో నూటికి ఇరవై ముప్ఫై స్ట్రెప్టోకాకస్ (స్ట్రెప్) అనే బ్యాక్టీరియావి. వాటిని వదిలేస్తే రుమాటిక్ జ్వరం, దాని వెనుక గుండె కవాటాలు దెబ్బతినడం. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) గుండె విభాగం ముందు కూర్చున్న యువతులను చూసిన డాక్టరుకు ఆ భయం ఉండటం న్యాయమే. అయితే ముక్కు కారుతూ, దగ్గుతో పాటు వచ్చిన గొంతునొప్పి స్ట్రెప్ అయ్యే అవకాశం తక్కువ. దగ్గు లేకుండా, జ్వరంతో, టాన్సిల్స్ మీద తెల్లటి పొరతో, మెడ ముందు గ్రంథులు ముట్టుకుంటే నొప్పితో వస్తే అనుమానించాలి. అప్పుడైనా వాడాల్సింది పెన్సిలిన్, అమాక్సిసిలిన్. ఇన్ని దశాబ్దాల్లో ఈ గొంతునొప్పి తెచ్చే గ్రూప్ ఏ స్ట్రెప్ పెన్సిలిన్‌కు లొంగకపోవడం ఒక్కసారి కూడా జరగలేదు. అజిత్రోమైసిన్‌కు లొంగనివి మాత్రం ఉన్నాయి. గుండె కోసమే రాస్తున్నామంటే, గుండెను కాపాడే మందే రాయాలి కదా.

ఈ మందులంటే నాకు గౌరవం. కేజీహెచ్ తలుపులు తెరిచిన 1923 నాటికి పెన్సిలిన్ ఇంకా పుట్టలేదు, ఫ్లెమింగ్ కంట అది పడింది 1928లో. అప్పట్లో న్యుమోనియాతో వచ్చినవాళ్ళకు నర్సు సేవా, దేవుడి దయా తప్ప మరో దిక్కు లేదు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి అందింది లెడర్లీ ల్యాబుల నుంచి. అక్కడ పరిశోధనలకు సారథి మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ ఏడాదే ఆయన పోయారు. ఇప్పుడు మన పరవాడ ఫార్మా సిటీ నుంచి మందులు ఓడలెక్కి ప్రపంచమంతా వెళ్తున్నాయి. మందులు తయారుచేసే ఊరు మందులు పనిచేయని ఊరు కావడం చూడలేకపోతున్నాను. 1945లో నోబెల్ ప్రసంగంలోనే ఫ్లెమింగ్ హెచ్చరించాడు, తక్కువ మోతాదులో మందు తగిలించి సూక్ష్మజీవులను మొండివిగా తయారుచేయడం కష్టం కాదని.

"ముందు ఆర్‌ఎంపీలకు, మందుల షాపులకు చెప్పండి" అని మీరు అంటారని తెలుసు. వాళ్ళకూ చెప్పాలి. కానీ వాళ్ళు ఈ అలవాటును ఎక్కడి నుంచి నేర్చుకున్నారు? మీ చీటీల నుంచే. షాపులో పనిచేసే కుర్రాడు వందలాది చీటీలు చూసి, రొంపకు ఏది ఇస్తారో బట్టీపట్టాడు. మీరు మానేస్తే అతనికి నకలు చేసుకోవడానికి ఏమీ మిగలదు. సెఫిక్సిమ్, లివోఫ్లాక్సాసిన్ ప్రభుత్వం అమ్మకం మీద కట్టడి పెట్టిన షెడ్యూల్ హెచ్1 జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి నుంచి వాటిని అమ్మిన ప్రతిసారీ రోగి పేరు, రాసిన డాక్టరు పేరు షాపువాళ్ళు రిజిస్టరులో ఎక్కించాలి, మూడేళ్ళు దాచాలి. ఆ రిజిస్టరు ఎవరైనా తెరిచి చూసే రోజు వస్తే అందులో ఉండేది మీ పేర్లే.

రోగులే అడుగుతారన్నది ఇంకో మాట. పవరు మందు రాయండి సార్ అనేవాళ్ళు లేకపోలేదు. కానీ కౌంటరు ఇవతల నిలబడి నేను ఎక్కువగా వినేది వేరే ప్రశ్న: "భయం లేదు కదా మేడమ్?" డాక్టరు గదిలో అడగలేక, బయటికొచ్చి ల్యాబు మనిషిని అడుగుతారు. రోగికి యాంటీబయాటిక్ కావాలేమోనని డాక్టరు ఊహించుకునేదానికీ, రోగి నిజంగా కోరుకునేదానికీ మధ్య చాలా తేడా ఉందని అనేక దేశాల్లో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. చాలామందికి కావాల్సింది వాళ్ళ గుండెకు స్టెతస్కోపు ఆనించి, ఇది ఫలానా, ఇన్ని రోజులుంటుంది, ఇలా అయితే రండి అనే మాట. మూడు నిమిషాల్లో ఆ మాట చెప్పవచ్చు, చెప్పడానికి టైము లేకపోతే కాగితం మీద పెట్టవచ్చు.

కాబట్టి నేను అడుగుతున్నది ఒక్కటే. చీటీ మీద జబ్బు పేరు రాయండి, తెలుగులో రాయండి. వైరస్ అనుకుంటే ఇలా ఒక రబ్బరు స్టాంపు చేయించుకోండి: "ఇది వైరస్ జలుబు. యాంటీబయాటిక్ అక్కర్లేదు. జ్వరం మూడు రోజులు, దగ్గు మూడు వారాల దాకా ఉండవచ్చు. ఆయాసం వచ్చినా, తగ్గిన జ్వరం మళ్ళీ వచ్చినా, తిండీ నీళ్ళూ మానేసినా వెంటనే రండి. రెండు వారాలకు దగ్గు పోకపోతే క్షయ పరీక్షకు రండి." అప్పుడు రోగి ఖాళీ చేతులతో వెళ్ళినట్టు ఉండదు. యాంటీబయాటిక్ రాయాల్సి వస్తే దాని పక్కనే ఎందుకో మూడు ముక్కలు, టాన్సిల్ చీము అనో, కుడి ఊపిరితిత్తి న్యుమోనియా అనో రాయండి. 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ మెడికల్ కాలేజీల వైద్యులను కోరింది ఇదే, యాంటీబయాటిక్ రాస్తే కారణం తప్పనిసరిగా రాయమని. కాలేజీలకు వర్తించేది మన వీధి క్లినిక్కులకు ఎందుకు వర్తించకూడదు? కారణం రాయడానికి కలం ఆగిందంటే, ఆ మందు వద్దని మీ కలానికే తెలిసినట్టు.

న్యుమోనియాను చూడకుండా వదిలేస్తామేమోనన్న మీ భయానికి మందు కూడా మన ఊరి పద్ధతిలోనే ఉంది. చాలా క్లినిక్కుల్లో ఒకసారి ఫీజు కడితే వారం పది రోజుల్లో మళ్ళీ చూపించుకోవడం ఉచితం. దాన్ని వాడుకోండి. మూడు రోజులాగి రమ్మనండి. దూరం నుంచి వచ్చేవాళ్ళకు, ఫలానా లక్షణం కనిపిస్తే తప్ప కొనకండి అని తేదీ వేసి విడిగా ఒక చీటీ ఇవ్వండి. ఈ పద్ధతిని బ్రిటన్ వంటి దేశాల్లో పరీక్షించి చూశారు. వెంటనే రాసినప్పుడు నూటికి తొంభై మందికి పైగా వాడిన మందును, ఆగి చూడమన్నప్పుడు సుమారు మూడోవంతు మందే వాడారు. డాక్టరు మీద సంతృప్తి రెండు చోట్లా దాదాపు సమానమే.

మా వైపు నుంచి చేయగలిగిందీ ఒకటి ఉంది. మీ ప్రాంతం నుంచి మాకు వచ్చిన కల్చర్లలో ఏ బ్యాక్టీరియా ఎంత శాతం ఉంది, ఏ మందుకు ఎంత లొంగుతోంది అన్న పట్టికను యాంటీబయోగ్రామ్ అంటారు. ప్రతి ల్యాబు దగ్గరా ఆ వివరాలు కంప్యూటర్‌లో పడి ఉన్నాయి, ఎవరూ అడగడం లేదు కనుక ఎవరూ తీయడం లేదు. ఆరు నెలలకోసారి రోగుల పేర్లు లేకుండా ఒక్క పేజీలో తయారుచేసి ఇవ్వమని మీ మీ ల్యాబులను అడగండి. మా మేనేజరు గారిని ఒప్పించే పని నాది. గాజువాకలో మూత్రపు ఇన్ఫెక్షన్‌కు ఏ మాత్ర ఇంకా పనిచేస్తోందో, మధురవాడలో ఏది చేతికి అందకుండా పోయిందో అందులో ఉంటుంది. దాన్ని మీ బల్ల అద్దం కింద, మందుల కంపెనీ క్యాలెండరు పక్కన పెట్టుకోండి.

ఇట్లు,
మహారాణిపేటలోని ఒక ల్యాబు కల్చర్ విభాగం నుంచి,
మీ రిపోర్టులు టైపు చేసే టెక్నీషియన్